ఇద్దరికీ ఒకే పేజీ

ఆ కాగితాలు తయారుచేసింది నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు రాసిన ఉత్తరాల్లో రాయలేదు. పదో తరగతి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజు డైరీలో మాత్రం "సాయంత్రం పెద్ద వాన. గొడుగు ఆఫీసులో మరిచిపోయాను" అని రాసి మూసేశాను. అందులో అబద్ధమేమీ లేదు. వాన పడింది, గొడుగు మరిచిపోయాను.

సింగపూర్‌లో నేను చేసిన ఒకే ఒక్క ఉద్యోగం యూదుల పిల్లలు ఆదివారం పూట చదువుకునే చిన్న బడిలో. వింటే మీకెంత వింతగా ఉంటుందో మా వాళ్ళకూ అంతే వింతగా ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం హడలిపోతున్న రోజులవి. ఆ గండం గట్టెక్కించడానికి మన జిల్లాల నుంచి విమానాలకొద్దీ కుర్రాళ్ళు దిగారు. వాళ్ళలో మా ఆయన ఒకరు. ఆయన వెంట నేను. యూ టీ అనే పేటలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. ఆయన పొద్దున్నే ఆఫీసుకు పోతే, నేను రైలెక్కి ఏదో ఒక లైబ్రరీకి పోయేదాన్ని. లైబ్రరీలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. నాకు కావలసింది అదే.

టోవా పాయో లైబ్రరీలో ఒకరోజు డెబ్బై ఏళ్ళు దాటిన ఒక తెల్లజుట్టు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఈ అర మీద నంబరెంతో చెప్తావా? కళ్ళజోడు మరిచిపోయి వచ్చాను."

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. నంబరు చదివాను. తర్వాత పుస్తకం వెనక అట్ట చదివాను. ఆవిడ కూర్చోమంటే కూర్చుని మొదటి అధ్యాయమంతా చదివాను. లైబ్రరీలో అంత గుసగుసగా చదువుతున్నా ఆవిడ ఒక్క మాట కూడా మళ్ళీ అడగలేదు.

"నీ గొంతు పెద్దది కాదు. కానీ మాట మింగవు," అంది చివరికి. "పని చేస్తావా?"

ఆవిడే ఆ బడి టీచరు. అందరూ ఆంటీ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. తాతగారి కాలంలో వాళ్ళ కుటుంబం బాగ్దాద్ నుంచి ఇక్కడికి వచ్చిందట. ఆవిడ ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. మార్కెట్లో బేరం మలయ్‌లో ఆడుతుంది, పిల్లల్ని తిట్టేది మలయ్‌లోనే, నాతో మాత్రం ఇంగ్లీషు. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నాకు ఉద్యోగానికి అనుమతి కాగితం రావడానికి ఆరు వారాలు పట్టింది. వారంలో నాలుగు పూటలు వాళ్ళ ప్రార్థనామందిరం పక్కనున్న ఆఫీసులో ఫోన్లు, టైపింగు, జిరాక్సు. ఆదివారం పొద్దున ఆంటీ పక్కన కుర్చీ వేసుకుని తరగతిలో కూర్చోవడం. అసలు నన్ను ఎందుకు పెట్టుకుందో రెండో వారంలో తెలిసింది.

"నా కళ్ళ నడిమధ్య చూపు పోయింది," అంది తలుపు దగ్గరికి వేసి. "అంచుల్లో కనబడుతుంది. నీ చెవిరింగు కనిపిస్తోంది, నీ మొహం లేదు. అక్షరాలు అసలే లేవు. పాఠాలన్నీ నాకు నోటికొచ్చు కాబట్టి నెట్టుకొస్తున్నాను. కమిటీకి చెప్పకు."

"చెప్పను ఆంటీ."

"నాకు తెలుసు నువ్వు చెప్పవని. నువ్వు నీ పేరు చెప్పడానికే పది నిమిషాలు తీసుకున్నావు."

తరగతిలో తొమ్మిది మంది. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా. సగం మంది తండ్రులు బ్యాంకుల్లోనో కంప్యూటర్ కంపెనీల్లోనో పని మీద వచ్చినవాళ్ళు. రెండేళ్ళు ఉంటారు, తర్వాత ఇంకో దేశం. ఒక పిల్లవాడికి అక్షరాలు పట్టుబడేసరికి వాళ్ళ సామాను ఓడెక్కేది. ఆ కుర్చీలోకి కొత్త పిల్ల వచ్చేది, ఆంటీ మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టేది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో పాతుకుపోయిన పాత కుటుంబాల పిల్లలు ఇద్దరే. వాళ్ళలో ఒక పన్నెండేళ్ళ అమ్మాయి మీద ఆంటీ ఆశలన్నీ పెట్టుకుంది.

"ఈ పిల్ల ఎక్కడికీ పోదు. నా తర్వాత ఇదే చెప్తుంది," అనేది.

ఆ పిల్ల ఎదురుగానే అనేది. ఆ పిల్ల బల్ల మీద పెన్సిలు దొర్లిస్తూ, ఆ ఊరివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో, "ఐ గాట్ మ్యాథ్స్ ట్యూషన్ లా, ఆంటీ" అనేది.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అక్షరాల కింద చుక్కలూ గీతలూ ఉంటాయి, అవే అచ్చుల ధ్వనులు. మన గుణింతం తెలిసినవాళ్ళకు అదేమంత కష్టం కాదు. తరగతిలో వెనక కూర్చుని నేను డైరీ చివరి పేజీల్లో ఒక్కో అక్షరం వేసుకుని పక్కన తెలుగులో ధ్వని రాసుకున్నాను. నాలుగు నెలలకు తెలుగు చూడకుండా చదవగలిగాను, నెమ్మదిగా, తడుముకుంటూ. అర్థం తెలిసింది తక్కువే. మా ఆయన ఒకరోజు డైరీ చూసి నవ్వారు.

"మనకున్న యాభై ఆరు అక్షరాలు చాల్లేదా నీకు? పైగా రివర్సు గేరు!"

ఆంటీకి చెబితే నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ బడిలో నేనున్న రోజుల్లో చదవడం నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒకరోజు విదేశం నుంచి కమిటీకి ఉత్తరం వచ్చింది. ఇలాంటి చిన్న చిన్న ఊళ్ళలో యూదుల పిల్లల చదువు ఎలా ఉందో చూసి వెళ్ళే మనిషి ఒకాయన మూడు నెలల్లో వస్తాడట. పిల్లలు చదవగలుగుతున్నారని ఆయనకు నమ్మకం కుదిరితే ఒక యువ టీచరును పంపిస్తారు. ఆంటీ దగ్గర ఒక ఏడాది ఉండి, బడి అందుకుంటుంది. కుదరకపోతే తరగతి మూసేసి ఇంటింటికీ క్యాసెట్లు ఇస్తారు. ఉత్తరం ఆంటీకి చదివింది నేనే. రెండుసార్లు చదివించుకుంది.

"మూడు నెలలు నా చూపు ఆగితే చాలు," అంది. "తర్వాత పోతే పోనీ."

పిల్లలు చదవలేకపోతున్నారని ఆవిడకు తెలియదు. ఆవిడ ముందు ఒక లైను చదువుతుంది, పిల్లలు ఆ వెనకే అంటారు. ధ్వని సరిగ్గా ఉంటే ఆవిడ తల ఊపుతుంది. వాళ్ళ కళ్ళు పుస్తకం మీద ఉన్నాయో కిటికీలో ఉన్నాయో చూడాల్సిన మనిషిని నేను. చూశాను కూడా. "ఆంటీ, వీళ్ళకు అక్షరాలు రావడం లేదు" అన్న ఐదు ముక్కలు చెప్పాలంటే నాకు నోరు పెగల్లేదు. ముప్ఫై ఏళ్ళు చదువు చెప్పిన మనిషికి నిన్నగాక మొన్న వచ్చినదాన్ని ఏమని చెప్పను? ఈ వారం వద్దు, పై వారం చెబుదాం అనుకున్నాను. పై వారం కూడా అలాగే అనుకున్నాను.

ఇక్కడ మా యూ టీ సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమానికి పిల్లలచేత పద్యాలు చెప్పించారు. మా కింది అంతస్తులో ఉండే రాజమండ్రి ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"మా చంటిదానికి తెలుగు చదవడం రాదే తల్లీ. పద్యం ఏబీసీడీల్లో రాసి పెట్టు, గడగడా బట్టీ కొట్టేస్తుంది."

"తెలుగే నేర్పుదాం అక్కా, నేను రోజూ ఒక గంట కూర్చుంటాను."

"అబ్బే, ఉగాది ఎల్లుండే! నువ్వు మరీ చాదస్తం."

రాసిచ్చాను. ఆ పిల్ల స్టేజీ ఎక్కి ఆపకుండా చెప్పింది. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత పదకొండు మంది తల్లులు నా తలుపు తట్టారు. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను కాబట్టి, ఆ చప్పట్లలో నాకూ ఒక వంతు ఉందనుకుని రహస్యంగా మురిసిపోయాను. మనవాళ్ళం పిల్లల భాషను కాపాడుకునే పద్ధతి ఇదే అనుకున్నాను. నాకు ఇంకో పద్ధతి చూపించిన వాళ్ళూ లేరు.

తర్వాతి ఆదివారం ఆంటీ రావడం ఆలస్యమైంది. పిల్లలు నా చుట్టూ మూగారు.

"మిస్, సో మెనీ డాట్స్, హౌ టు రీడ్ లా?" అన్నాడు ఎనిమిదేళ్ళవాడు. వాళ్ళ నాన్నది కంప్యూటర్ ఉద్యోగం, పై ఏడు ఈ దేశంలో ఉంటాడో లేదో తెలియదు.

పన్నెండేళ్ళ అమ్మాయి అసలు విషయానికి వచ్చింది. "మిస్, ఇంగ్లీషులో రాసివ్వండి. మేము ఫాస్ట్‌గా చదువుతాం, ఆంటీ హ్యాపీ, మీరు హ్యాపీ. క్యాన్?"

"తప్పమ్మా."

"వై? ఆంటీ కాంట్ సీ, వాట్."

పిల్లలకు తెలుసు. కమిటీకి తెలియనిది, నేను గుట్టుగా దాస్తున్నానని అనుకున్నది, తొమ్మిది మంది పిల్లలకూ తెలుసు. సోమవారం ఆఫీసు కంప్యూటర్లో మూడు ప్రార్థనలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. తొమ్మిది కాపీలు తీసి, బీరువాలోని పుస్తకాల్లో ఆ పేజీల దగ్గర పెట్టాను.

మూడు వారాల్లో తరగతి మారిపోయింది. పిల్లలు పుస్తకం తెరిచి, ఇంగ్లీషు కాగితం మీద కళ్ళు పెట్టి, ధారాళంగా చదివేవాళ్ళు. ఆంటీ కుర్చీలో ముందుకు వంగి, కళ్ళు మూసుకుని వినేది. ఒకరోజు నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

"చూశావా? ఒక్కోసారి అంతే. ఎన్నాళ్ళో ఏమీ ఉండదు, ఒక్క వారంలో తాళం తీసినట్టు అయిపోతుంది. మా నాన్న నాకు నేర్పినప్పుడు కూడా ఇలాగే అయింది."

ఆ క్షణాన చెప్పాల్సింది. మీలో ఎవరైనా చదువు చెప్పే పనిలోకి వెళ్తే గుర్తుంచుకోండి: చెప్పవలసిన మాటకు మంచి సమయం అంటూ రాదు. చెడ్డ సమయాలు వస్తుంటాయి, వాటిలో అన్నిటికంటే తక్కువ చెడ్డది ఏరుకోవాలి. ఆంటీ మొహం అంత వెలిగిపోతుంటే నేను ఆ చెడ్డపని చేయలేక, ఇంకా పెద్ద చెడ్డపనికి దారి వదిలాను.

ఆ పెద్దాయన ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. మెత్తని మనిషి. కోటు జేబులో పిల్లలకు చాక్లెట్లు తెచ్చాడు. కమిటీ పెద్ద, మరో ఇద్దరు గోడ వారగా కూర్చున్నారు. ఆంటీ మంచి నీలం గౌను వేసుకుని ముత్యాల దండ పెట్టుకుంది. నేను తలుపు దగ్గర మంచినీళ్ళ కూజా పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వెంట ఒక అట్టపెట్టె తెచ్చాడు. "మీ తరగతికి చిన్న కానుక," అంటూ విప్పాడు. తొమ్మిది కొత్త ప్రార్థన పుస్తకాలు. బల్లల మీద ఉన్న పాత పుస్తకాలు తనే పోగుచేసి పక్కన పెట్టి, కొత్తవి పంచాడు. నా కాగితాలు పాతవాటిలోనే ఉండిపోయాయి.

"ఏ ప్రార్థనలు చదివారు మీ పిల్లలు?" అని ఆంటీని అడిగాడు.

నేను దేవుణ్ణి వేడుకున్నాను. మన దేవుణ్ణో, వాళ్ళ దేవుణ్ణో. ఆవిడ ఆ మూడిటి పేర్లు చెబితే చాలు, గండం గడుస్తుంది.

"పేర్లెందుకు?" అంది ఆంటీ, నవ్వుతూ. "ఏ పేజీ అయినా ఇవ్వండి. మా పిల్లలు చదువుతారు."

ఆయన పన్నెండేళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, పుస్తకంలో ఎక్కడో ఒక పేజీ తెరిచి, మాట్లాడకుండా ఒక లైను మీద వేలు పెట్టాడు. ఆ పిల్ల పేజీ వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత కళ్ళు పుస్తకంలో పెట్టి, శుక్రవారం సాయంత్రం పాడే స్తుతి మొదలుపెట్టింది. మా మూడు ప్రార్థనల్లో మొదటిది. ఒక్క తప్పు లేకుండా, చక్కటి గొంతుతో, ఆ పేజీలో లేని స్తుతినంతా చదివింది.

ఆ సేపంతా ఆంటీ పెదవులు ఆ పిల్లతో పాటు కదులుతున్నాయి. పూర్తికాగానే కమిటీ పెద్ద కూర్చున్న దిక్కుకు మొహం తిప్పి, 'ఎలా ఉంది' అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. అది ఆవిడకు కనబడదు.

వచ్చినాయన ఎనిమిదేళ్ళవాడి పుస్తకంలో ఇంకో పేజీ తెరిచి వేలు పెట్టాడు. వాడికి మూడింటిలో బాగా వచ్చింది కూడా ఆ మొదటిదే. అదే మొదలుపెట్టాడు.

రెండో లైను దగ్గర ఆంటీ నవ్వు ఆగింది. మూడో లైను దగ్గర చెయ్యి ఎత్తింది.

"అదేమిటండీ," అంది, "ఇద్దరికీ ఒకే పేజీ ఇచ్చారే?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆంటీ మొహం ఆ మౌనంలో ఒక్కొక్కరి వైపూ తిరిగింది, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. అప్పుడు ఎనిమిదేళ్ళవాడే, సాయం చేద్దామనుకున్నాడు కాబోలు, అడిగాడు.

"సర్, నా ఓల్డ్ బుక్ తెచ్చుకోవచ్చా? అందులో అయితే నేను అన్నీ చదువుతా."

తెచ్చుకున్నాడు. తెరవగానే కాగితం కిందపడింది. వచ్చినాయన తీసి చూసి, చాలాసేపు చదివి, మెల్లగా అడిగాడు. "ఇది ఎవరు తయారుచేశారు?"

తొమ్మిది మంది పిల్లలూ బల్లల వంక చూశారు. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. నేను కూజా బల్ల మీద పెట్టవలసింది, ఒక అడుగు ముందుకు వేయవలసింది. కూజా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. నా జన్మలో ఎన్నో చోట్ల మాట్లాడలేదు నేను. వాటిలో ఏదీ దీనికి సరిరాదు.

"ఇటివ్వండి," అంది ఆంటీ. కాగితాన్ని మొహానికి పక్కగా పట్టుకుని, కంటి అంచుతో చూడటానికి అటూ ఇటూ తిప్పింది. ఆవిడకు ఎంత కనబడుతుందో అప్పుడు గదిలో అందరికీ తెలిసిపోయింది. కాసేపటికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను జేబులో పెట్టుకుంది.

"నా తరగతిలో ఉన్న కాగితాలన్నీ నావే," అంది.

సాయంత్రం వానలో బస్‌స్టాపు దగ్గర పన్నెండేళ్ళ అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. వాళ్ళ నాన్న కారు రావాలి.

"మిస్, డోంట్ వర్రీ. ఐ నెవర్ టెల్ ఎనీవన్, ఓకే?" అంది నా చేతి మీద తట్టి.

ఆ పిల్లకు నేను నేర్పిన పాఠం అదొక్కటే. బాగా వచ్చింది.

రెండు వారాలకు కమిటీ ఉత్తరం తయారైంది. టైపు చేసింది నేనే. ఆంటీ సేవలకు కృతజ్ఞతలు, ఆరోగ్యం దృష్ట్యా విశ్రాంతి, తరగతి 'ప్రస్తుతానికి' నిలుపుదల. తరగతిలో ఉన్న బల్లలను ఎత్తి ఒక మూలకు పేర్చారు. గదిలో మడత కుర్చీలు పెట్టుకున్నారు. క్యాసెట్లు వచ్చాయి, ఇంటింటికీ పంచాం. రెండు నెలల తర్వాత వాటి గురించి ఫోను చేసి అడిగితే ఒక తల్లి "ఓ, ఆ క్యాసెట్లా? ప్యాకింగ్‌లో ఎక్కడో ఉన్నాయి, మేము మూవ్ అవుతున్నాం కదా" అంది. పాత కుటుంబం అమ్మాయికి ఆదివారం పొద్దున మ్యాథ్స్ ట్యూషన్ కుదిరింది. ముప్ఫై ఏళ్ళ బడి అలా ఆగిపోయింది. దాని మీద ఎవరూ గొంతెత్తి ఒక మాట అనుకోలేదు. నేనూ రాజీనామా ఇచ్చాను. "ఉన్నపళంగా ఎందుకే?" అన్నారు మా ఆయన. "బడే లేదుగా," అన్నాను.

బిషాన్‌లో ఆంటీ ఫ్లాటుకు వెళ్ళడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. చెప్పేద్దామనే వెళ్ళాను. రైలులో ఆ వాక్యాన్ని పదిసార్లు మనసులో అనుకున్నాను. ఆ మాట విన్నాక ఆవిడ నన్ను తిట్టినా సరే, తలుపు వేసేసినా సరే, ఇక ఆ కాగితం ఆవిడ జేబులో ఉండకూడదు, అంతే.

తలుపు తీసి నా మోచెయ్యి తడిమి పోల్చుకుంది. ఇప్పుడు అంచులు కూడా పోయాయట. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుందంతే. టీ నేను పెడతానంటే ఒప్పుకోలేదు. తనే తడుముకుంటూ పెట్టింది, వేడినీళ్ళు గ్లాసులో ఎంత వచ్చాయో వేలు పెట్టి చూసుకుంది.

"ఆంటీ, మీకొకటి చెప్పాలి," అన్నాను.

"ముందు ఒకటి చదువు," అంది. "నాలుగు నెలలైంది ఎవరైనా చదవగా విని. ఆ అల్మారాలో మా నాన్న పుస్తకం ఉంది. నీకిష్టమైన పేజీ తియ్యి."

తీశాను. పసుపుబారిన కాగితాలు, అక్షరాలు చిన్నవి, చుక్కలు ఇంకా చిన్నవి. నేనెప్పుడూ చూడని పేజీ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తప్పులు పోతూ, దిద్దుకుంటూ చదివాను. ఆరు లైన్లు చదవడానికి టీ చల్లారిపోయింది. నా జన్మలో అంత నిజాయితీగా ఏ పుస్తకమూ చదవలేదు.

ఆంటీ కళ్ళు మూసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా గొంతు వైపే మొహం పెట్టి కూర్చుంది. నేను ఆపాక అడిగింది.

"అమ్మాయ్, పుస్తకం చూసే చదివావా?"

"చూసే చదివాను ఆంటీ."

ఆవిడ తల ఊపింది. గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి సాచి, అందుకోకుండానే అక్కడ ఉంచేసింది.

"పిల్లలు కూడా చూసే చదివారనుకున్నానమ్మా," అంది.